నెల్లూరు ఆకాశానికి కార్తికంలో ఇన్ని రంగులు ఎక్కడివి?

మైపాడు గవ్వ | డిసెంబరు 3, రాత్రి 9:12

మూడేళ్లుగా మా మేడ మీద నుంచి సాయంత్రాల ఫొటోలు తీస్తున్నాను. నిన్న కూర్చుని నెలలవారీగా పేర్చాను. మే నెలవి చూస్తే ఆకాశం ఉతికి ఉతికి వెలిసిపోయిన పంచెలా ఉంది. నవంబరు, డిసెంబరు, జనవరివి చూస్తే కుంపట్లో నిప్పుల మీద ఎవరో ఊదినట్లుంది. నారింజ, కెంపు, గులాబీ, పైన వంకాయ రంగు. అదే మేడ, అదే మూల, అదే ఫోను.

కారణం వెతికితే అన్నిచోట్లా ఒకటే మాట: చలికాలంలో గాలి చల్లగా, పొడిగా, శుభ్రంగా ఉంటుందట, అందుకే రంగులట. మంచు కురిసే దేశాల వారికి అది సరిపోవచ్చు. మన నెల్లూరుకు చలికాలమంటే గొడుగుల కాలం కదా. ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. మన 'చలి' ఇరవై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, దానికే మా మావయ్య మంకీ టోపీ పెట్టుకుంటాడు. ఇంత తేమలో పొడిగాలి సిద్ధాంతం ఎలా అతుకుతుంది? తెలిసినవారు చెప్పండి.

ఉలవపాడు మామిడి | డిసెంబరు 3, రాత్రి 9:40

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదండీ. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది, సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు. జులైలో 15 కోట్ల 20 లక్షలు. దగ్గరైతే వెలుగు ఎక్కువ, వెలుగు ఎక్కువైతే రంగూ ఎక్కువ.

సుద్దముక్క | డిసెంబరు 3, రాత్రి 10:25

మామిడి గారూ, అంకెలు సరిగ్గా చెప్పారు, ముడి వేసిన చోటే తప్పింది. ఆ తేడా మూడు శాతం చిల్లర. దానివల్ల ఆకాశం రవ్వంత ఎక్కువ వెలుగుతుంది, అంతే. ఎరుపుకూ నీలానికీ మధ్య ఉన్న పాళ్లు మారవు.

కావలిలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక ఒక పీరియడు భరించండి. సూర్యకాంతి గాలి అణువులకు తగిలి నలువైపులా చెదురుతుంది. పదో తరగతిలో పరిక్షేపణం అని చదివారు. 1871లో లార్డ్ రాలీ దీనికి లెక్క కట్టాడు: తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. మిట్టమధ్యాహ్నం అలా చెదిరిన నీలమే ఆకాశమంతా కనిపిస్తుంది.

సూర్యుడు క్షితిజం మీదికి దిగినప్పుడు కిరణం మన దగ్గరికి గాలిలో ఏటవాలుగా రావాలి. నడినెత్తిన ఉన్నప్పుడు దాటే గాలికి దాదాపు 38 రెట్లు దాటాలి. దారిపొడవునా నీలం రాలిపోతుంది. మిగిలి వచ్చేది పసుపు, నారింజ, ఎరుపు. ఇంతవరకు వేసవికీ చలికాలానికీ తేడా లేదు.

తేడా తెచ్చేది గాలిలోని నలుసులు. దుమ్ము, ఉప్పు తుంపర, పొగ. ఇవి అణువుల కంటే చాలా పెద్దవి. పెద్ద నలుసు రంగుల మధ్య పక్షపాతం చూపదు, అన్నిటినీ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. ఫలితం తెలుపు, లేదా బూడిద కలిసిన పసుపు. గవ్వ గారి మే నెల పంచె అదే. ఎండకు పొలాలు బీటలు వారి దుమ్ము లేస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి ఉప్పును, తేమను మోసుకొస్తుంది, ఉప్పు నలుసు తేమ తాగి ఉబ్బుతుంది. ఆ తెల్లదనమే రంగును తినేస్తుంది.

బ్యారన్ నిప్పు | డిసెంబరు 4, ఉదయం 6:50

మాస్టారూ, నమస్కారం. మాది కొండపి వైపు, పొగాకు రైతులం. మీ మాటకు అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. దుమ్మూ పొగా ఉంటేనే సూర్యాస్తమయం ఎర్రగా ఉంటుందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. పొగాకును వేడికి ఆరబెట్టే మా బ్యారన్లు వెలిగే రోజుల్లో సూర్యుడు రాగి చెంబులా ఉంటాడు. కళ్లార్పకుండా చూడొచ్చు. మరి అది రంగు కాదా?

సుద్దముక్క | డిసెంబరు 4, ఉదయం 8:05

సూర్యుడు రాగి చెంబే, ఒప్పుకుంటాను. ఆ చెంబు చుట్టూ ఆకాశం ఏ రంగులో ఉంటుందో ఈసారి చూసి చెప్పండి.

బ్యారన్ నిప్పు | డిసెంబరు 4, ఉదయం 8:31

ఇది మోసం మాస్టారూ. చూడక్కర్లేదు, గుర్తుంది. బూడిద.

ఇంకా చెప్పాలంటే భోగి నాటి తెల్లవారుజాము అంత బూడిద ఆకాశం ఏడాదిలో మరొకటి ఉండదు. ఊరంతా మంటలు వేస్తుంది, పొగ పైకి పోదు. ఇళ్ల కప్పుల ఎత్తున దుప్పటి పరిచినట్లు నిలుస్తుంది. సూర్యుడు ఆ దుప్పటిలోంచి గుండ్రంగా వస్తాడు గానీ పక్కన ఒక్క రంగు గీత ఉండదు. ఆ పొగ ఎందుకు పైకి పోదో మాత్రం చెప్పండి.

లెక్కల పుల్ల | డిసెంబరు 4, ఉదయం 9:15

చలికాలం రాత్రి మబ్బు లేకపోతే నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సింది తలకిందులవుతుంది. కింది చల్లగాలి బరువైనది కనుక లేవదు, పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. మీ పొగ ఆ మూత కింద చిక్కుకుంటుంది. నేల వేడెక్కాక మూత విడిపోతుంది. అందుకే లోపలి ఊళ్లలో చలికాలపు ఉదయం కంటే సాయంత్రమే తేటగా ఉంటుంది. గవ్వ గారివి సాయంత్రం ఫొటోలు కావడం కాకతాళీయం కాదనుకుంటాను.

ఉత్తరాదిలో గంగా మైదానమంతటా ఈ మూతే పెద్ద సమస్య. చలికాలం వస్తే ఆకాశం రంగులు తేలుతుందని అక్కడివారికి చెబితే నవ్వుతారు. అందుచేత 'చలికాలం' అనే పదానికి ఏ మహిమా లేదు. ఆ ఊరి గాలి ఆ నెలల్లో ఎలా ఉంటుందన్నదే లెక్క.

ఫిల్ము రీలు | డిసెంబరు 4, మధ్యాహ్నం 1:20

ఇంత శాస్త్రం మాట్లాడుకునే ముందు ఆ ఫోనును అనుమానించండి. ఒంగోలులో నాకు ఫొటో స్టూడియో ఉంది. ఇప్పటి ఫోన్లు సూర్యాస్తమయమని పసిగడితే చాలు, రంగులకు ఉగాది పచ్చడి కలిపినట్లు అన్నీ కలిపేస్తాయి. కొన్ని ఎరుపును పెంచుతాయి, కొన్ని అదేదో తప్పన్నట్లు తగ్గించి తెలుపు చేస్తాయి. మూడేళ్ల ఫొటోలు పోల్చాలంటే వైట్ బ్యాలెన్సును పగటి వెలుగు దగ్గర బిగించి, ఎక్స్‌పోజరు కూడా మీరే పెట్టి తీయాలి.

మైపాడు గవ్వ | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:02

నిజమే, అన్నీ ఆటోలో తీసినవే. కానీ ఫోను చేసే మాయ మే నెలలోనూ చేయాలి కదా? మేలో ఎందుకు చేతులెత్తేసింది?

ఫిల్ము రీలు | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:10

అది ఒప్పుకోవాల్సిందే. అసలు రంగు లేనిచోట పెంచడానికీ ఏమీ ఉండదు.

కొత్తపట్నం వల | డిసెంబరు 4, రాత్రి 8:47

నేను చదువుకున్నది తక్కువ, సముద్రాన్ని చూసింది ఎక్కువ. మా నాన్నకు పడవ ఉండేది. నవంబరులో సాయంత్రం ఆకాశం నడినెత్తి దాకా ఎర్రబడి, ఆ ఎరుపులో ఈకల్లాంటి సన్నని మబ్బులు తూర్పు నుంచి చాచుకుని ఉంటే ఆయన మర్నాడు వేటకు వెళ్లేవాడు కాదు. పడవను ఇంకో పది బారలు పైకి లాగించేవాడు. తర్వాత మా అబ్బాయి ఇంగ్లిషు పుస్తకంలో దీనికి పూర్తిగా ఎదురు మాట చదివాను: సాయంత్రం ఎరుపు నావికుడికి ఆనందం, ఉదయం ఎరుపు హెచ్చరిక అని. ఆ పుస్తకం తప్పా, మా నాన్న తప్పా?

లెక్కల పుల్ల | డిసెంబరు 4, రాత్రి 10:30

వల గారూ, ఇద్దరూ ఒప్పే. ఈ చర్చలో ఇంతకంటే మంచి ప్రశ్న రాలేదు. కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు మబ్బు సంగతి. రంగు పడాలంటే తెర కావాలి. ఖాళీ ఆకాశంలో పడమటి అంచు మాత్రమే ఎర్రబారుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున పల్చని మంచు స్ఫటికాల మబ్బులుంటే ఆకాశమంతా తెర అవుతుంది. సూర్యుడు మనకు కనుమరుగయ్యాక కూడా అంత ఎత్తున ఉన్న మబ్బుకు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. లెక్క కడితే డిసెంబరులో నెల్లూరు నెత్తి మీది అలాంటి మబ్బు మనకంటే సుమారు పద్నాలుగు నిమిషాలు ఎక్కువసేపు సూర్యుణ్ణి చూస్తుంది. ఆ చివరి నిమిషాల్లో దాన్ని తాకే కిరణం భూమిని రాసుకుంటూ వచ్చినది, నీలమంతా పోగొట్టుకున్నది. కనుక 'సూర్యుడు మునిగాడు, ఇంక పదండి' అని ఇంటికి వెళ్లేవారు అసలు ఆటకు ముందే వెళ్లిపోతున్నారు.

ఆ కిరణం భూమిని రాసుకునే చోటు ఎంత దూరం? సుమారు 350 కిలోమీటర్లు. డిసెంబరులో సూర్యుడు మనకు సరిగ్గా పడమట అస్తమించడు, దక్షిణం వైపు దాదాపు 24 డిగ్రీలు జరిగి అస్తమిస్తాడు. నెల్లూరు నుంచి ఆ దిక్కుగా 350 కిలోమీటర్లు గీత గీస్తే ఎక్కడ తేలుతుందో తెలుసా? కర్ణాటకలో తుమకూరు పరిసరాల్లో. అక్కడ మబ్బు దట్టంగా ఉంటే వెలుగు అక్కడే ఆగిపోతుంది, మన మబ్బు బూడిదగానే మిగిలిపోతుంది. అక్కడ తేటగా ఉంటే మన మేడ మీద కెంజాయ.

ఇప్పుడు ఆ ఇంగ్లిషు మాట. ఆ దేశాల్లో వాతావరణం సాధారణంగా పడమర నుంచి తూర్పుకు కదులుతుంది. సాయంత్రం ఎరుపు అంటే పడమట తేట, అంటే రాబోయేది తేట. మనకు ఈశాన్య రుతుపవన కాలంలో వాయుగుండాలు తూర్పున బంగాళాఖాతం నుంచి వస్తాయి. వాటికి ముందుగా ఎత్తయిన సన్నని మబ్బులు వందల కిలోమీటర్లు చాచుకుని వస్తాయి. పడమర ఇంకా తేటగా ఉండగా తూర్పు నుంచి ఈ తెర పరుచుకుంటే, అస్తమించే సూర్యుడు దాన్ని నిలువునా వెలిగిస్తాడు. అంటే మీ నాన్నగారు చూసిన ఎరుపు, వచ్చే తుపాను తాలూకు తెర మీద పడిన వెలుగు. ప్రతి ఎర్ర సాయంత్రమూ తుపాను కాదు గానీ, ఆ తూర్పు ఈకలను కూడా లెక్కలోకి తీసుకున్నారు చూడండి, అదీ ఆయన చదువు.

కొత్తపట్నం వల | డిసెంబరు 4, రాత్రి 10:52

నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఇది చదివి వినిపించడానికి అమ్మను లేపాను.

ఉలవపాడు మామిడి | డిసెంబరు 5, ఉదయం 7:15

నా దగ్గరి సూర్యుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను. మరి వాన సంగతి? వాన గాలిని కడుగుతుందని అంటారు కదా, గవ్వ గారు మొదట అడిగింది దాని గురించే.

సుద్దముక్క | డిసెంబరు 5, ఉదయం 8:00

గవ్వ గారి గొడుగులోనే జవాబుంది. మంచు దేశాల్లో గాలిని శుభ్రం చేసేది పొడి చలిగాలి. మనకు ఆ పని వాన చేస్తుంది. చినుకు పడుతూ దారిలోని దుమ్మును పట్టుకుని నేలకు దించుతుంది, తడిసిన నేల నుంచి కొత్త దుమ్ము లేవదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని తర్వాత వాన తెరిపి ఇచ్చిన మొదటి సాయంత్రం మా కావలిలో చూశాను: పడమట వెలిగొండల గీత చాకుతో కోసినట్లు కనిపించింది, వాటి మీద పసుపు, దాని మీద లేత ఆకుపచ్చ, ఆ పైన నీలం. కళ్లజోడు మార్చుకున్నట్లుంది. వారం తిరిగేసరికి ఆ పదును తగ్గిపోయింది.

వేసవి చివర కూడా వానలు పడతాయి కదా అంటారేమో. అప్పుడు సాయంత్రానికల్లా పడమట ఉరుము మబ్బులు కొండల్లా లేచి కిటికీ మూసేస్తాయి. పుల్ల గారి తుమకూరు దాకా వెళ్లక్కర్లేదు, ఉదయగిరి దగ్గరే వెలుగు ఆగిపోతుంది.

సూర్యుడు మునిగాక నడినెత్తిన మాత్రం ముదురు నీలం మిగులుతుందే, అది రాలీ లెక్కకు లొంగదు. ఆ వేళ నెత్తిన నీలానికి ఎక్కువ పాలు ఓజోనుది. అది నారింజ, ఎరుపు వైపు వెలుగును పీల్చేస్తుంది. 1953లో హల్బర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇది లెక్క కట్టి తేల్చాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకూ ఇది విశ్రాంతి తీసుకున్నాకే తెలిసింది, పిల్లలకు క్షమాపణలు.

పెన్న ఇసుక | డిసెంబరు 5, ఉదయం 11:40

మా అక్క లండన్‌లో ఉంటుంది. అక్కడ చలికాలంలో సంధ్య ఎంతకీ చీకటి పడదట. మనకు అలా రంగులు నిలవవేం?

లెక్కల పుల్ల | డిసెంబరు 5, మధ్యాహ్నం 12:25

అక్కడ సూర్యుడు వాలుగా దిగుతాడు, మనకు దాదాపు నిలువుగా మునుగుతాడు. అస్తమించాక క్షితిజానికి ఆరు డిగ్రీల కిందికి దిగడానికి డిసెంబరులో లండన్‌లో 40 నిమిషాలకు దగ్గరగా పడుతుంది, నెల్లూరులో 23. మార్చిలో మనకు 21. అంటే చలికాలం మనకిచ్చే అదనపు వాటా రెండు నిమిషాలు. కొందరు దీన్నే పెద్ద కారణంగా రాస్తున్నారు, మన అక్షాంశానికి అది చిల్లర.

గూడూరు నిమ్మ | డిసెంబరు 5, సాయంత్రం 4:05

అందరూ ఒక మామూలు సంగతి వదిలేశారు. జూన్ మొదట్లో నెల్లూరులో సూర్యోదయం 5:41 ప్రాంతంలో. జనవరి మూడో వారంలో 6:39. ఆరు దాటాక నిద్రలేచే నాలాంటివాడికి వేసవి సూర్యోదయం అనేదే లేదు, అది ఇతరులు చెప్పగా విన్న విషయం. సాయంత్రమూ అంతే. నవంబరు చివర 5:38కే అస్తమయం, బడి వదిలిన పిల్లలూ ఆఫీసు నుంచి వచ్చేవారూ దారిలో ఉంటారు. జులైలో 6:40 దాటుతుంది, అప్పటికి టీవీ ముందు ఉంటాం. చలికాలంలో రంగులు ఎక్కువన్నది సగం నిజం, చలికాలంలో చూసేవారు ఎక్కువన్నది మిగతా సగం.

మైపాడు గవ్వ | డిసెంబరు 5, సాయంత్రం 4:30

నేను పన్నెండు నెలలూ తీశానండీ. కానీ కార్తిక దీపాలు పెట్టే వేళ కాబట్టే ఈ అలవాటు మొదలైందని మాత్రం ఒప్పుకుంటాను.

తాళపత్రం | డిసెంబరు 5, రాత్రి 9:55

నలుసులంటే తెల్లదనమే అని తీర్పు చెప్పేశారు, ఒక మినహాయింపు మన ఇంటి పక్కనే ఉంది. 1883 ఆగస్టు 27న ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. సెప్టెంబరు రెండో వారంలో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా, నీలంగా కనిపించాడు. ప్రభుత్వ ఖగోళ పరిశీలకుడు నార్మన్ పాగ్సన్ దాన్ని నమోదు చేశాడు, క్రైస్తవ కళాశాల ఆచార్యుడు మిచీ స్మిత్ వర్ణపటం తీసి చూశాడు. అప్పటికి ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆకుపచ్చ సూర్యుడి కింద మన తాతల తాతలు ఏమనుకుని ఉంటారో! తర్వాత నెలల తరబడి ప్రపంచమంతటా సూర్యాస్తమయాలు నెత్తుటి రంగులో వెలిగాయి.

సుద్దముక్క | డిసెంబరు 5, రాత్రి 10:20

మంచి పట్టు పట్టారు. నలుసులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో, మైక్రానుకు కాస్త అటూ ఇటూగా ఉంటే ఎరుపే ఎక్కువ చెదిరిపోయి సూర్యుడు నీలి, ఆకుపచ్చ రంగుల్లో మిగులుతాడు. ఇక ఆ తర్వాతి ఎర్ర సంధ్యలకు కారణమైన పొర చాలా ఎత్తున, స్ట్రాటోస్ఫియరులో ఉంది, మన ముక్కు ముందు కాదు. ఎత్తున ఉన్న సన్నని పొర మబ్బులా తెర అవుతుంది. నేలనంటిన దుమ్ము మసిగుడ్డ అవుతుంది.

మైపాడు గవ్వ | డిసెంబరు 8, రాత్రి 8:15

నిన్న మైపాడు వెళ్లాను. సూర్యుడు వెనక, ఊళ్ల వైపు మునిగాడు. ఆటకు ముందే వెళ్లిపోకూడదని ఇసుకలో కూర్చున్నాను. పడమట చెట్లు అడ్డం, చూడటానికి పెద్దగా ఏమీ లేదు, అందుకని సముద్రం వైపు తిరిగాను. నీటి గీత మీద ముదురు నీలి బూడిద రంగులో ఒక పట్టీ, ఈ చివర నుంచి ఆ చివర దాకా. దాని మీద గులాబీ పట్టీ. మొదట మబ్బనుకున్నాను. కానీ మెల్లగా పైకి లేస్తోంది. పావుగంటలో గులాబీ కరిగిపోయి కింది నీలం రాత్రిలో కలిసిపోయింది. ఎదురుగా తూర్పున ఇదేమిటి మాస్టారూ?

సుద్దముక్క | డిసెంబరు 8, రాత్రి 8:40

అది భూమి నీడ. మీరు కూర్చున్న ఈ భూమి తన నీడను తన గాలి మీద పరుచుకుంటుంటే చూశారు. పైనున్న గులాబీ, నీడకు అవతల ఇంకా ఎర్ర వెలుగు తగులుతున్న గాలి. తూర్పున అడ్డు లేని సముద్రం, నలుసులు తక్కువున్న గాలి కావాలి, మైపాడు అందుకు సరైన చోటు. మేలో వెళితే ఆ నీడ మసకలో కలిసిపోయి తెలియదు.

పెన్న ఇసుక | డిసెంబరు 10, మధ్యాహ్నం 3:30

ఈ రోజు మేడ ఎక్కవచ్చా? మా తోడల్లుడు తుమకూరులో పని చేస్తున్నాడు, ఫోను చేసి ఆకాశం ఎలా ఉందని అడిగాను. ఆరోగ్యం బాగుందా అని తిరిగి నన్నే అడిగాడు. చివరికి బయటికి వెళ్లి చూసి, దట్టంగా మబ్బు పట్టిందని చెప్పాడు.

మైపాడు గవ్వ | డిసెంబరు 10, సాయంత్రం 6:05

నెత్తి మీద ఈకల మబ్బులు ఆకాశమంతా ఉన్నాయి. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. బూడిదే. రేపు మధ్యాహ్నం కూడా ఆయనకు ఫోను చేయగలరా?

పెన్న ఇసుక | డిసెంబరు 10, సాయంత్రం 6:20

రేపు తనే చేస్తానన్నాడు. వాళ్ల ఆఫీసులో ఇంకో ఇద్దరు కూడా మేడ ఎక్కుతున్నారట.